స్థూలారుంధతీ న్యాయం – చిన్న దూరదర్శిని చరిత్ర

తెలుగువారి వివాహ వేడుకలలో అరుంధతీ దర్శనం ఒక ముఖ్య ఘట్టం. పురోహితుడు వధూవరులను పందిరి వెలుపలికి తోడుకొని వచ్చి, ఉత్తరపు దిక్కున ఆకాశం వైపు వేలు చూపి, వశిష్ఠుని చెంత నున్న అరుంధతిని చూడమంటాడు. ముహూర్తం పగటివేళదైతే ఆకాశంలో సూర్యుడు తప్ప మరేమీ కనిపించదు. రాత్రివేళదైతే పట్టణాల దీపకాంతిలో సప్తర్షి మండలమే కంటికి ఆనదు. అయినా "కనిపించిందా?" అంటే "కనిపించింది" అనడం ఆచారమైపోయింది. చూపేవారికీ కనబడక, చూచేవారికీ కనబడక, ఒక విద్య కేవలం మాటగా మిగిలిపోయింది.

ఒకప్పుడు అది నిజమైన విద్య. అరుంధతి సన్నని చుక్క. నేరుగా చూపితే కొత్తవారి కంటికి చిక్కదు. కనుక పెద్దలు మొదట సప్తర్షి మండలాన్ని చూపేవారు. పిదప దాని తోకలోని మూడు చుక్కలలో నడిమిదైన వశిష్ఠుని చూపేవారు. చిట్టచివరకు దానిని ఆనుకొని ఉన్న సూక్ష్మతారను చూపేవారు. స్థూలం నుంచి సూక్ష్మానికి చూపును నడిపించే ఈ పద్ధతికి మన శాస్త్రకారులు 'స్థూలారుంధతీ న్యాయం' అని పేరు పెట్టారు. వేదాంత బోధలో దీనిని దృష్టాంతంగా చెప్పడం పరిపాటి. ప్రపంచమంతటా ఖగోళ పరిశీలకులు నేటికీ మసక వస్తువును వెదకడానికి ప్రకాశవంతమైన చుక్కతో ప్రారంభించి, ఒక తార నుంచి మరొక తారకు చూపును జరుపుకుంటూ పోతారు. పేరు వేరైనా పద్ధతి అదే.

దూరదర్శినిని పల్లెల్లో దుర్భిణీ అనేవారు. నాలుగు శతాబ్దాల క్రితం రాజుల చేతికి కూడా సులువుగా అందని ఆ వస్తువు నేడు మధ్యతరగతి కుటుంబం పిల్లవానికి కొని ఇవ్వగలిగిన స్థితికి వచ్చింది. అలా కొన్న దూరదర్శినులలో అనేకం రెండు మూడు రాత్రుల తరువాత అటక ఎక్కుతున్నాయన్నది కూడా అందరికీ తెలిసిన సంగతే. పరికరం అందుబాటులోకి వచ్చినంత మాత్రాన విద్య రాదు. ఈ సత్యాన్ని చిన్న దూరదర్శిని చరిత్ర అడుగడుగునా చాటుతున్నది.

కన్నే తొలి పరికరం

దూరదర్శిని చరిత్రకు పూనుకొనే ముందు, దూరదర్శిని లేకుండానే ఆకాశాన్ని కొలిచిన ఒక మహనీయుని తలచుకోవడం సముచితం. ఒడిశాలోని ఖండపడా సంస్థానంలో 1835లో జన్మించిన సామంత చంద్రశేఖరులను ప్రజలు పఠాణి సామంత అని పిలుచుకున్నారు. ఆయన సంస్కృత సిద్ధాంత గ్రంథాలను స్వయంగా అభ్యసించారు. గ్రంథాలలో చెప్పిన లెక్కల ప్రకారం గ్రహాలు ఉండవలసిన స్థానాలకూ, ఆకాశంలో అవి నిజంగా కనిపించే స్థానాలకూ పొంతన కుదరకపోవడాన్ని ఆయన గమనించారు. గ్రంథాన్ని నమ్మాలా, కంటిని నమ్మాలా అన్న ప్రశ్న ఎదురైనప్పుడు ఆయన కంటిని నమ్మారు. అంతటితో ఊరుకొనక, ఆ కంటికి కొలత నేర్పారు.

వెదురుతో, కొయ్యతో స్వయంగా యంత్రాలను తయారు చేసుకొని, ఏళ్ల తరబడి రాత్రివేళ గ్రహగతులను కొలిచారు. ఆ పరిశ్రమ ఫలితమే 'సిద్ధాంత దర్పణం' అనే సంస్కృత గ్రంథం. కటకంలోని అధ్యాపకులు యోగేశ్ చంద్ర రాయ్ పూనికతో అది 1899లో కలకత్తాలో అచ్చయింది. 1904లో సామంత పరమపదించారు. భువనేశ్వరంలోని నక్షత్రశాల నేడు ఆయన పేరనే వెలసి ఉన్నది. ఆయన సాధించినదంతా రెండు వెదురు బద్దలతో, ఒక జత కళ్లతో, ఎన్నడూ విసుగు చెందని ఓర్పుతో సాధించినదే. చిన్న దూరదర్శినిని చేతపట్టే విద్యార్థి మొదట గ్రహించవలసిన పాఠం ఇదే.

కళ్లజోళ్ల దుకాణం నుంచి ఆకాశానికి

దూరదర్శిని పుట్టినది వేధశాలలో కాదు, కళ్లజోళ్లు చేసే పనివాని దుకాణంలో. 1608లో హాలెండు దేశపు మిడిల్‌బర్గ్ నగరంలో హాన్స్ లిప్పర్‌షే అనే కళ్లజోళ్ల పనివాడు రెండు కటకాలను ఒక గొట్టంలో అమర్చి, దూరపు వస్తువులు దగ్గరగా కనిపించే సాధనానికి హక్కులు కోరుతూ ప్రభుత్వానికి అర్జీ పెట్టుకున్నాడు. అది తేలికగా ఎవరైనా చేయగలిగిన వస్తువని తోచడం వల్ల అతనికి ఆ హక్కు దక్కలేదు. మరుసటి సంవత్సరానికే అటువంటి గొట్టాలు యూరపులోని నగరాలలో వింత వస్తువులుగా అమ్ముడుపోసాగాయి.

ఆ వార్త 1609లో ఇటలీ చేరింది. పాడువా విశ్వవిద్యాలయంలో గణితాచార్యుడైన గెలీలియో ఈ సంగతి విని, కటకాలను తానే సానపట్టి, మొదట 3 రెట్లు, తరువాత 8 రెట్లు, ఆ సంవత్సరాంతానికి 20 రెట్లు పెద్దదిగా చూపే దూరదర్శినులను తయారు చేశాడు. అతడు దానిని ఆకాశం వైపు తిప్పాడు. చంద్రునిపై కొండలూ గోతులూ కనిపించాయి. కృత్తికలలో మామూలు కంటికి కనిపించే ఆరు చుక్కల చోట ముప్పైకి పైగా కనిపించాయి. 1610 జనవరి 7 రాత్రి బృహస్పతి పక్కన మూడు చిన్న చుక్కలు ఒకే వరుసలో కనిపించాయి.

ఇక్కడ గమనించవలసిన విశేషం ఒకటి ఉన్నది. ఆ మొదటి రాత్రి గెలీలియో వాటిని మామూలు తారలనే భావించాడు. మరునాడు చూస్తే వాటి స్థానాలు మారి ఉన్నాయి. మబ్బు పట్టిన రాత్రి మినహా ప్రతి రాత్రీ చూచి, కనిపించినదానిని కాగితంపై చిన్న బొమ్మగా గీసుకున్నాడు. వారం తిరిగేసరికి అవి నాలుగని, బృహస్పతి చుట్టూ తిరుగుతున్న చంద్రులని తేలింది. మానవుని విశ్వ భావననే మార్చివేసిన ఆ ఆవిష్కరణ ఒక్క చూపులో లభించినది కాదు. వరుస రాత్రుల బొమ్మలను ఒకదానితో ఒకటి పోల్చి చూడడం వల్ల లభించింది. నేడు విద్యార్థులకు దొరికే చిన్న దూరదర్శిని గెలీలియో పరికరం కంటె ఎంతో స్పష్టంగా చూపుతుంది. కొరవడేదల్లా ఆ కాగితమూ, ఆ వారం రోజుల ఓర్పూ మాత్రమే.

గాజు కటకాల అంచుల వద్ద రంగులు విడివడి బింబం చెదరడం నాటి పరికరాల లోపం. దీనిని తప్పించడానికి న్యూటన్ 1668లో కటకానికి బదులు లోహపు పుటాకార దర్పణాన్ని వాడి మరొక విధమైన దూరదర్శినిని నిర్మించాడు. దాని పొడవు జానెడు కంటె తక్కువ. నేటి ప్రపంచంలోని మహా దూరదర్శినులన్నీ దర్పణాలతో పనిచేసేవే. ఆ పెద్ద వృక్షానికి విత్తనం అరచేతిలో ఇమిడే పరికరమే.

సంగీతోపాధ్యాయుని పెరటి వేధశాల

విలియం హెర్షెల్ వృత్తిచేత సంగీతజ్ఞుడు. ఇంగ్లండులోని బాత్ నగరంలో పాఠాలు చెప్పుకొని జీవించేవాడు. 1773లో ఖగోళ శాస్త్రంపై ఒక పుస్తకం కొని చదివాడు. చిన్న దూరదర్శినిని అద్దెకు తెచ్చుకొని చూచాడు. పెద్దది కొనే స్తోమత లేకపోవడంతో దర్పణాలను ఇంటిలోనే పోతపోసి మెరుగుపెట్టడం ప్రారంభించాడు. మెరుగు పెట్టే పని మధ్యలో ఆపరాదు గనుక, గంటల తరబడి పనిచేస్తున్న అన్నకు చెల్లెలు కరోలీనా నోటికి ముద్దలు అందించేది.

1781 మార్చి 13 రాత్రి ఇంటి పెరటిలో నిలబెట్టిన దూరదర్శినితో ఆకాశాన్ని వరుసగా పరీక్షిస్తుండగా, తారల నడుమ కొద్దిగా భిన్నంగా ఉన్న ఒక బింబం అతని కంటపడింది. అదే యురేనస్ గ్రహం. చరిత్ర తెలిసినంత కాలానికి మానవుడు కొత్తగా కనుగొన్న తొలి గ్రహం అది. అంతకు ముందు అనేకులు ఆ గ్రహాన్ని చూచి కూడా మామూలు తార అని వ్రాసి విడిచిపెట్టారు. హెర్షెల్ దర్పణం చక్కనిది కావడం ఒక కారణమైతే, తారలను ఒక్కొక్కటిగా పరిచయం చేసుకున్న అతని కన్ను అంతకు మించిన కారణం. కరోలీనా సైతం అన్న వద్ద ఆకాశాన్ని చదవడం నేర్చి, 1786 నుంచి 1797 వరకు 8 తోకచుక్కలను కనుగొన్నది. ఆడపిల్లలకు లెక్కలు నేర్పడమే వింతగా తలచిన కాలమది.

దక్షిణ భారతంలో దూరదర్శిని

దక్షిణ భారతంలో దూరదర్శినితో జరిగిన తొలి ముఖ్య ఆవిష్కరణ పుదుచ్చేరిలోనిది. నేడు మన యానాం ఏ పుదుచ్చేరి పాలనలో భాగమో, ఆ పుదుచ్చేరిలోనే 1689 డిసెంబరులో జాన్ రిషో అనే ఫ్రెంచి మతాచార్యుడు ఒక తోకచుక్కను పరిశీలిస్తూ, దక్షిణాకాశంలో మిక్కిలి ప్రకాశించే ఆల్ఫా సెంటారీ ఒక తార కాదని, జంట తార అని గుర్తించాడు. ఒకటి కోసం వెదుకుతూ మరొకటి కనుగొనడం ఆకాశ పరిశీలనలో తరచు జరిగేదే.

ఒక శతాబ్దం గడచిన తరువాత మద్రాసులో ఈస్టిండియా కంపెనీ వేధశాల వెలసింది. 1792లో అక్కడ దూరదర్శినిని నిలపడానికి నెలకొల్పిన నల్లరాతి స్తంభంపై ఇతర భాషలతో పాటు తెలుగులోనూ శాసనం చెక్కించారు. నుంగంబాక్కంలో ఆ స్తంభం నేటికీ ఉన్నది. తమిళనాట తరతరాలుగా నివసిస్తున్న తెలుగు కుటుంబాల పిల్లలు తప్పక చూడవలసిన రాయి అది. నక్షత్ర విద్యకు, తెలుగు లిపికి దక్షిణాదిన కుదిరిన బాంధవ్యానికి అది సాక్ష్యం.

ఆ వేధశాలలో చిరుద్యోగిగా చేరి, అనుభవంతో ఎదిగినవారు చింతామణి రఘునాథాచారి. 1867లో ఆయన వెలుగు హెచ్చుతగ్గులయ్యే ఒక తారను కనుగొన్నారు. శాస్త్రజ్ఞులు దానిని 'ఆర్ రెటిక్యులి' అని పిలుస్తారు. 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటనున్న అపురూప ఘటన గురించి ఆయన ముందుగానే చిన్న పుస్తకం వ్రాసి, ఆంగ్లంతో పాటు దేశభాషలలోనూ వెలువరించారు. ఆకాశంలో జరిగే వింత పండితులకే కాక సామాన్యులకూ తమ భాషలో తెలియాలన్న తపన ఆ ప్రయత్నంలో కనిపిస్తుంది. మాతృభాషలో బోధించే పాఠశాలలన్నింటికీ రఘునాథాచారి పూర్వగామి.

తెలుగుదేశంలో ఈ విద్యకు దీపం పెట్టినవారు విశాఖపట్టణానికి చెందిన గోడే వెంకట జగ్గారావు. జమీందారీ వంశంలో జన్మించిన ఆయన మద్రాసు వేధశాలాధిపతి టేలర్ వద్ద గణిత ఖగోళాలను అభ్యసించి, స్వస్థలానికి తిరిగి వచ్చి, 1840 ప్రాంతంలో డాబాగార్డెన్స్‌లో సొంత వేధశాలను నిర్మించారు. 1856లో ఆయన మరణించగా అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దాని భారాన్ని స్వీకరించారు. ప్రభుత్వోద్యోగం చేస్తూనే ఆయన 1868 నాటి సూర్యగ్రహణాన్ని, 1874 నాటి శుక్ర సంక్రమణాన్ని పరిశీలించి, ఫలితాలను లండనులోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీకి పంపారు. ఆ కుటుంబానికి ధనం ఉన్నది, నిజమే. కాని నాడు ధనమున్న జమీందారులు అనేకులు. వేధశాల కట్టి రాత్రులు మేల్కొన్నవారు ఒకరిద్దరే.

హైదరాబాదులో నవాబ్ జఫర్ జంగ్ 1901లో నిజామియా వేధశాలకు పునాది వేశారు. 1908లో నిజాం ప్రభుత్వం దానిని స్వీకరించింది. ఈ వేధశాల ప్రస్తావన ఇంకొక కథలో మరల రానున్నది.

ట్రెజరీ గుమాస్తా మూడంగుళాల దూరదర్శిని

ధనమూ పదవీ లేని మనిషికి చిన్న దూరదర్శిని ఎంతటి స్థానాన్ని సంపాదించి పెట్టగలదో చెప్పడానికి రాధాగోవింద చంద్ర జీవితానికి మించిన ఉదాహరణ మన దేశంలో లేదు. ఆయన నేటి బంగ్లాదేశ్‌లోని జెస్సూరుకు చెందినవారు, 1878లో జన్మించారు. ఆరవ తరగతి బెంగాలీ వాచకంలో అక్షయ్ కుమార్ దత్తా వ్రాసిన, విశ్వం ఎంత విశాలమైనదో వర్ణించే వ్యాసం ఆయన మనస్సులో నాటుకొన్నది. పాఠ్యపుస్తకంలోని ఒక్క పాఠం, అదీ మాతృభాషలోని పాఠం, ఒక జీవితానికి దారి చూపింది.

పరీక్షలు మాత్రం ఆయనకు కలిసిరాలేదు. ప్రవేశ పరీక్షలో ముమ్మారు తప్పి, చదువు మాని, జెస్సూరు ట్రెజరీలో స్వల్ప వేతనానికి ఉద్యోగంలో చేరారు. రాత్రివేళ, నక్షత్ర పటాలు ప్రచురించిన ఒక న్యాయవాది సాంగత్యంలో తారలను గుర్తించడం నేర్చుకున్నారు. 1910లో హేలీ తోకచుక్క వచ్చినప్పుడు చిన్న బైనాక్యులర్‌తో దానిని రాత్రి రాత్రి పరిశీలించి వివరాలు వ్రాసుకున్నారు. 1912లో ఇంగ్లండు నుంచి 3 అంగుళాల దూరదర్శినిని తెప్పించుకున్నారు. అప్పటికే ఆకాశమంతా ఆయన కంటికి పరిచయమైన ఊరివీధి వంటిది.

ఆ పరిచయం ఫలించిన రాత్రి 1918 జూన్ 7. గరుడ మండలంలో అంతకు ముందు లేని చోట ఒక ప్రకాశవంతమైన చుక్క ఆయన కంటపడింది. అది నవ్యతార. ప్రపంచంలో దానిని స్వతంత్రంగా కనుగొన్న కొద్దిమందిలో ఆయన ఒకరు. ఊరిలో ప్రతి ముఖమూ తెలిసినవానికే కొత్తవాడు వచ్చినట్లు తెలుస్తుంది. చుక్కలన్నీ ఎరిగినవానికే కొత్త చుక్క కనిపిస్తుంది.

ఆ వార్త అమెరికాలోని హార్వర్డ్ వేధశాలకు చేరింది. వెలుగు మారే తారలను పరిశీలించే అమెరికా ఔత్సాహికుల సంఘం ఆయనను సభ్యునిగా చేర్చుకొన్నది. ఆయన పరిశీలనల నాణ్యతను గుర్తించి, 1926లో 6 అంగుళాల దూరదర్శినిని ఎరువుగా పంపింది. 1928లో ఫ్రెంచి ప్రభుత్వం ఆయనను గౌరవించింది. దేశ విభజన తరువాత ఆయన పశ్చిమ బెంగాలుకు తరలివచ్చారు. 1954 వరకు 37 వేలకు పైగా పరిశీలనలను ఆ సంఘానికి పంపారు. ప్రవేశ పరీక్ష దాటని గుమాస్తా వ్రాసిన అంకెలను విశ్వవిద్యాలయాల శాస్త్రజ్ఞులు ఉపయోగించుకున్నారు.

ఆయన విశ్రాంతి తీసుకొన్న తరువాత, అమెరికా సంఘం సూచనపై ఆ 6 అంగుళాల దూరదర్శిని మరొక భారతీయుని చేతికి చేరింది. ఆ భారతీయుడు మనాలి కల్లాట్ వేణు బాపు. 1927లో మద్రాసులో జన్మించిన బాపు తండ్రి హైదరాబాదులోని నిజామియా వేధశాలలో ఉద్యోగి. బాల్యం నుంచి వేధశాల పరిసరాలలో పెరిగిన బాపు నిజాం కళాశాలలో చదువుతున్నప్పుడే తారల వెలుగు మార్పులపై వ్యాసాలు ప్రకటించారు. 1949లో హార్వర్డులో చదువుతుండగా, ఆచార్యునితోను సహచరునితోను కలిసి ఒక తోకచుక్కను కనుగొన్నారు. దానికి బాపు-బోక్-న్యూకర్క్ అని పేరు వచ్చింది. తమిళనాడులో జవ్వాది కొండల నడుమ కావలూరులో ఆయన తలపెట్టిన వేధశాల నేడు ఆయన పేరనే వెలుగొందుతున్నది. హెర్షెల్ పెరటిలో కనుగొన్న యురేనస్ గ్రహానికి వలయాలు ఉన్న సంగతిని 1977 మార్చి 10న పసిగట్టిన వేధశాలలలో కావలూరు ఒకటి. జెస్సూరు గుమాస్తా వాడిన దూరదర్శిని కూడా చివరకు కావలూరునే చేరింది. 1982లో బాపు మరణించారు. ఆయన తలపెట్టిన 2.34 మీటర్ల దూరదర్శినికి 1986లో ఆయన పేరే పెట్టారు.

చేతికందిన ధర

ఇరవయ్యవ శతాబ్దంలో దూరదర్శినిని సామాన్యుని చెంతకు చేర్చిన ఉద్యమాలలో జాన్ డాబ్సన్ ప్రయత్నం చెప్పుకోదగ్గది. 1915లో జన్మించిన ఈయన సాన్‌ఫ్రాన్సిస్కోలోని వేదాంత సంఘంలో చేరి, రామకృష్ణ సంప్రదాయంలో సన్యాసిగా ఇరవై ఏళ్లకు పైగా జీవించారు. ఆశ్రమంలో ఉండగానే ఓడల కిటికీలకు వాడే పాత గాజు పలకలను అరగదీసి దర్పణాలుగా మలిచారు. అట్ట గొట్టం, చెక్కపేళ్లతో సులువుగా తిరిగే పీఠం, తేలికగా దొరికే సామగ్రి. ఇంతే ఆయన దూరదర్శిని. 1967లో ఆశ్రమం విడిచాక వీధి మూలల్లో నిలబడి దారినపోయేవారికి చంద్రుని, శనిని చూపేవారు. ఎంత పెద్ద దూరదర్శిని అన్నదానికన్నా ఎంతమంది దానిలోకి తొంగిచూచారన్నదే ముఖ్యమని ఆయన భావించేవారు. ఆయన రూపొందించిన తీరు పీఠాన్ని నేడు ప్రపంచమంతటా డాబ్సోనియన్ అంటున్నారు. 2014లో ఆయన కన్నుమూశారు.

గెలీలియో ఆకాశ పరిశీలనకు 400 ఏళ్లు నిండిన సందర్భంగా 2009ని అంతర్జాతీయ ఖగోళ సంవత్సరంగా జరిపారు. ఆ సందర్భంలో 'గెలీలియోస్కోప్' అనే విద్యార్థుల దూరదర్శినిని 15 డాలర్ల స్వల్ప ధరకు రూపొందించారు. 50 మిల్లీమీటర్ల కటకం, 25 రెట్ల ఆవర్ధనం, విడిభాగాలను విద్యార్థులే అమర్చుకొనే ఏర్పాటు దాని లక్షణాలు. లక్షలాది విద్యార్థుల కళ్లు దానిలోంచి శని వలయాలను చూచాయి.

మొదటి దూరదర్శినితో అభ్యాసం

ఈ చరిత్ర నుంచి విద్యార్థికి, తల్లిదండ్రులకు ఉపయోగపడే క్రమం ఒకటి సహజంగా తేలుతున్నది.

మొదటి మెట్టు కంటితో చూడడం. ఒక నెల పాటు దూరదర్శిని ఊసెత్తకుండా సాయంకాలం అరగంట మేడమీద గడపాలి. కళ్లు చీకటికి అలవాటు పడడానికి ఇరవై నిమిషాలైనా పడుతుంది. పటం చూడవలసి వస్తే ఎర్రకాగితం చుట్టిన దీపాన్ని వాడాలి. తాతలు నాయనమ్మలు ఎరిగిన పిల్లలకోడి, గొల్లకావడి, వేగుచుక్క ఏవో మొదట గుర్తుపట్టాలి. పిల్లలకోడి కృత్తిక, గొల్లకావడి వేటగాని మండలపు నడిమి మూడు చుక్కలు, వేగుచుక్క శుక్రగ్రహం. ఆ పేర్లు చెప్పగల పెద్దలు ఇంటిలో ఉన్నప్పుడే వాటిని అడిగి తెలుసుకోవడం మంచిది.

రెండవ మెట్టు పరికరం ఎంపిక. పెట్టెపై '500 రెట్లు' అని అచ్చువేసిన బొమ్మ దూరదర్శినులను నమ్మరాదు. దూరదర్శినికి ప్రాణం ఆవర్ధనం కాదు. వస్తు కటకపు వ్యాసం. చీకటిలో కంటిపాప సుమారు 7 మిల్లీమీటర్లు విచ్చుకుంటుంది. 70 మిల్లీమీటర్ల కటకం దానికి 10 రెట్ల వ్యాసం గలది గనుక 100 రెట్ల వెలుగును పోగుచేస్తుంది. వ్యాసంలోని మిల్లీమీటర్లను రెండింట గుణిస్తే వచ్చే అంకె ఆ పరికరానికి అవధి. 70 మిల్లీమీటర్లకు అది 140 రెట్లు. అంతకు మించితే బింబం పెద్దదవుతుంది గాని మసకబారుతుంది. కదలని ముక్కాలిపీట కటకమంత ముఖ్యం. వణికే పీటపై శని వలయాలు సైతం చెదిరిన గీతలే.

మూడవ మెట్టు తేలిక వస్తువులతో ప్రారంభం. పక్కన అమర్చిన చిన్న చూపుగొట్టాన్ని పగటివేళ దూరపు తాటిచెట్టు కొనకో, గుడి గోపురానికో గురిచూసి సరిచేసుకోవాలి. రాత్రికి చంద్రునితో మొదలుపెట్టాలి. పున్నమి చంద్రుడు దీనికి తగడు. సప్తమి, అష్టమి తిథుల చంద్రునిలో వెలుగునీడల సరిహద్దు వద్ద కొండల నీడలు స్పష్టంగా కనిపిస్తాయి. ఆ తరువాత బృహస్పతి చంద్రులను వరుసగా ఏడు రాత్రులు చూచి, గెలీలియో వలె నోటుపుస్తకంలో బొమ్మ గీసుకోవాలి. శని వలయాలు 30 రెట్ల వద్దనే తెలుస్తాయి. పిదప స్థూలారుంధతీ న్యాయం ప్రకారం వశిష్ఠుని వద్దకు పోవాలి. 50 రెట్ల వద్ద వశిష్ఠుడే రెండు తారలుగా విడిపోవడం కనిపిస్తుంది. 1617లో గెలీలియో శిష్యుడు కాస్టెల్లి గమనించినది ఈ జంటనే. పెండ్లిపందిరిలో వేలు చూపినంత మాత్రాన ఎవరికీ తెలియని విశేషమిది.

ఒక హెచ్చరిక సర్వదా గుర్తుంచుకోవాలి. దూరదర్శినితో గాని, బైనాక్యులర్‌తో గాని సూర్యుని చూడరాదు. క్షణంలో చూపు శాశ్వతంగా పోతుంది. కంటి దగ్గర బిగించే నల్లని అద్దపు బిళ్లలు వేడికి పగులుతాయి, వాటిని నమ్మరాదు. పగటివేళ పరికరాన్ని పిల్లల చేతికి ఒంటరిగా ఇవ్వరాదు.

బీరువా తాళం

పాఠశాలలకు దూరదర్శిని రావడం నేడు కష్టం కాదు. కొన్ని వేల రూపాయలతో, పూర్వ విద్యార్థుల చేయూతతో అది సమకూరుతుంది. చిక్కు ఆ తరువాతనే ఉన్నది. విలువైన వస్తువు, పగిలితే ఎవరు జవాబుదారీ అన్న భయంతో దానిని బీరువాలో పెట్టి తాళం వేయడం అనేక విద్యాలయాలలో జరిగే పని. పాఠశాల పగలు నడుస్తుంది. తారలు రాత్రి వెలుగుతాయి. ఈ రెండింటినీ కలపడానికి ఎవరో ఒకరు సాయంకాలం ఇల్లు వదలి రావాలి. ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు, పూర్వ విద్యార్థులు ముగ్గురూ కూడితే తప్ప ఆ తాళం తెరచుకోదు.

నెలకు ఒక రాత్రి చాలు. శుక్లపక్ష సప్తమి ప్రాంతంలో, పాఠశాల మేడమీద దీపాలు ఆర్పి, ఒక దూరదర్శిని, ఒక నోటుపుస్తకం, వరుసలో నిలబడిన పిల్లలు. ఎవరు ఏమి చూచినది, ఏ తేదీన చూచినది ఆ పుస్తకంలో వారి చేతివ్రాతతో, తెలుగులో వ్రాయించాలి. అందులో పరీక్షలో వెనుకబడిన పిల్లవాని చేతివ్రాత కూడా ఉండాలి. జెస్సూరు ట్రెజరీ గుమాస్తా నోటుపుస్తకం కూడా అటువంటిదే.

డెబ్బయి ఐదేళ్లు నిండిన పాఠశాలకు భవనాలు, బహుమతులు, ఫలకాలు ఎన్నో ఉంటాయి. వాటి సరసన ఆ పుస్తకం ఒకటి మొదలై, శతాబ్ది ఉత్సవం నాటికి పాతికేళ్ల రాత్రులతో నిండి ఉంటే, నాటి విద్యార్థులు దానిని తెరచి తమ తల్లిదండ్రుల పేర్ల పక్కన బృహస్పతి చంద్రుల బొమ్మలను చూచుకోగలుగుతారు. ఈ ప్లాటినం జూబిలీ సంవత్సరం ఆ పుస్తకపు మొదటి పుట తెరవడానికి తగిన సమయం.